పొడవైన తాడు త్వరగా తెగుతుందా? తన్యతా బల పరిశోధన చరిత్ర

ఒకే మోకు నుంచి రెండు ముక్కలు కోశారనుకోండి. ఒకటి రెండు మూరలు, రెండోది నలభై మూరలు. రెండింటినీ వేర్వేరు దూలాలకు కట్టి, కింది కొసలకు బరువులు వేలాడదీసి, కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. తాడు సొంత బరువును లెక్కలోకి తీసుకోవద్దు. ఏది ముందు తెగుతుంది? పొడవైనదా, పొట్టిదా, లేక రెండూ ఒకే బరువుకు తెగుతాయా? పాఠంలో ముందుకు వెళ్లే ముందు మీ జవాబును, దానికి మీరు అనుకునే కారణాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇది పిల్లల పొడుపుకథ కాదు. సుమారు 500 సంవత్సరాల క్రితం ఇటలీలో ఒకరు దీనికి ఒక జవాబు ఊహించారు. మరో శతాబ్దం తరువాత అదే దేశానికి చెందిన మరో మేధావి దానికి పూర్తిగా వ్యతిరేకమైన జవాబు ఇచ్చి, తర్కంతో నిరూపించారు. ఇద్దరిలో ఎవరు ఎంతవరకు సరైనవారో తేలడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది. ఇంజనీరింగ్ పదార్థాల మీద, జీవ పదార్థాల మీద జరిగిన తన్యతా బల పరిశోధన చరిత్రను ఈ పాఠంలో ఆ వివాదం వెంట నడుస్తూ చూద్దాం. అన్ని పేర్లూ, అన్ని ప్రయోగాలూ ఇక్కడ చెప్పడం లేదు. ఈ ప్రశ్నను నిజంగా కదిలించిన వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం.

ముందుగా ఒక నిర్వచనం. ఒక కడ్డీనో తీగనో రెండు కొసలా పట్టి లాగితే, తెగిపోయే లోపు అది తట్టుకున్న గరిష్ఠ బలాన్ని దాని మధ్యచ్ఛేద వైశాల్యంతో, అంటే అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యంతో, భాగిస్తే వచ్చేది తన్యతా బలం. దీన్ని నేడు మెగాపాస్కళ్లలో చెబుతాం. చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ బలం ఒక మెగాపాస్కల్‌తో సమానం. ఈ నిర్వచనంలో పొడవు ఎక్కడా లేదని గమనించండి. నిర్వచనంలో లేనంత మాత్రాన ప్రకృతిలో కూడా లేదని అనుకోవచ్చా? అసలు గొడవ అక్కడే ఉంది.

ఇసుక బుట్ట

మిలాన్ నగరంలోని అంబ్రోసియానా గ్రంథాలయంలో లియొనార్డో డా విన్చీ రాతప్రతుల పెద్ద సంపుటం ఒకటి ఉంది. దాన్ని కోడెక్స్ అట్లాంటికస్ అంటారు. అందులో ఇనుప తీగల బలాన్ని పరీక్షించే పద్ధతి బొమ్మతో సహా కనిపిస్తుంది. సుమారు రెండు బ్రాచ్చాల పొడవున్న తీగను, అంటే మీటరుకు కాస్త ఎక్కువ పొడవున్న దాన్ని, పైన గట్టిగా బిగించాలి. కింద ఒక బుట్ట కట్టాలి. పక్కన ఇసుక నింపిన తొట్టి ఉంటుంది. దాని అడుగున ఉన్న చిన్న రంధ్రం గుండా ఇసుక సన్నని ధారగా బుట్టలో పడుతుంది. తీగ తెగిన క్షణంలో ఒక స్ప్రింగు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. అప్పుడు బుట్టలో ఉన్న ఇసుకను తూస్తే తీగ ఎంత బరువుకు తెగిందో తెలుస్తుంది.

ఈ ఏర్పాటులోని తెలివి ఎక్కడుందో చూడండి. బరువును రాళ్లతో పెంచితే ప్రతి రాయీ ఒక కుదుపు. ఇసుకైతే కుదుపు లేకుండా, తెగే క్షణం దాకా నెమ్మదిగా పెరుగుతుంది. నేటి పరీక్షాయంత్రాల్లో కూడా భారాన్ని నిలకడైన వేగంతో పెంచాలన్నది మొదటి నియమం.

తీగ ఎక్కడ తెగిందో కూడా రాసుకోమని లియొనార్డో సూచించారు. తరువాత అదే తీగను సగం పొడవుతో, ఆపై అందులో సగంతో పరీక్షించమన్నారు. పొడవు తగ్గితే మోసే బరువు పెరుగుతుందన్న ఆలోచన ఆయనకు ఉన్నట్టు ఈ రాతల్ని చదివిన చరిత్రకారులు చాలామంది భావించారు. తరువాతి కాలపు ఇంజనీర్లలో కొందరు దాన్ని పొరపాటుగా కొట్టిపారేశారు. ఆ తొందరపాటు సరికాదని నా అభిప్రాయం. ఎందుకో తరువాత చూస్తాం. ఏమైనా ఈ పుటలు ఆయన కాలంలో అచ్చు కాలేదు కాబట్టి తరువాతి తరాల పరిశోధన వీటి మీద ఆధారపడి సాగలేదు.

గెలీలియో తర్కం

1633లో విచారణ ఎదుర్కొని గృహనిర్బంధంలో ఉన్న గెలీలియో తన చివరి గొప్ప గ్రంథాన్ని ఆకాశం గురించి కాకుండా దూలాలు, తాళ్లు, ఎముకలు, పడే వస్తువుల గురించి రాశారు. రెండు నూతన శాస్త్రాల గురించిన ఆ సంభాషణ గ్రంథం 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చయింది. రెండు నూతన శాస్త్రాల్లో ఒకటి చలనం. రెండోది మన విషయమే, అంటే ఘనపదార్థాలు తెగకుండా ఎలా నిలబడతాయన్నది.

అందులో ఒక చక్కని లెక్క ఉంది. ఒక మూర పొడవు, ఔన్సులో ఎనిమిదో వంతు బరువు ఉన్న రాగి తీగ 50 పౌన్ల బరువుకు తెగుతుందనుకుందాం. అప్పటి పౌనుకు 12 ఔన్సులు. కాబట్టి 50 పౌన్లంటే ఔన్సు ఎనిమిదో వంతులు 4,800. అంటే ఆ తీగ తనలాంటి 4,800 మూరల తీగ బరువును మోస్తుంది. తనతో కలిపితే 4,801 మూరలు. అంతకు మించి పొడవైన రాగి తీగ, సన్నదైనా లావుదైనా, తన బరువుకు తానే తెగిపోతుంది. లావు పెరిగితే బలమూ బరువూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి ఈ పొడవు మారదు. తన్యతా బలం పదార్థానికి సంబంధించిన గుణం, వస్తువుకు కాదు అన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా రూపుకట్టింది.

తాడు గురించి కూడా ఆయన అడిగారు. రెండు మూడు మూరలకు మించని నార పోగులతో వంద మూరల తాడు ఎలా నిలుస్తుంది? పురి పెట్టినప్పుడు పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, లాగేకొద్దీ ఇంకా బిగుస్తాయి. కొబ్బరి పీచు తాడు పేనడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన మొదటి ప్రశ్న. సంభాషణలో సింప్లీచియో అనే పాత్ర పొడవైన తాడు పొట్టిదానికంటే తక్కువ బరువు మోస్తుందని అంటాడు. గెలీలియో తరఫున మాట్లాడే సాల్వియాటి దాన్ని ఖండిస్తాడు. ఆయన వాదన సారాంశం ఇది. పొడవైన తాడు ఎక్కడో ఒకచోట తెగాలి కదా. ఆ చోటును చూపించు. అక్కడ ఎందుకు తెగింది? అక్కడ ఉన్న బలం ఆ బరువుకు చాలలేదు కాబట్టి. ఇప్పుడు అదే చోటుకు కొంచెం పైన తాడును బిగించి, కొంచెం కింద అదే బరువు కడదాం. ఆ చోటు మీద పడే లాగుడు మారలేదు. కాబట్టి ఈ పొట్టి తాడు కూడా అంతే బరువుకు తెగుతుంది. పొడవుతో సంబంధం లేదు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఈ వాదనలో దోషం ఉందా? ఉంటే ఎక్కడ? తేలికగా దొరకదు. దాదాపు మూడు వందల ఏళ్లు పాఠ్యపుస్తకాలు దీన్ని ఉన్నదున్నట్టు స్వీకరించాయి.

ఆ తరువాతి శతాబ్దన్నర కాలాన్ని త్వరగా దాటవచ్చు. రాబర్ట్ హుక్ 1678లో సాగుదల లాగుడుకు అనులోమానుపాతంలో ఉంటుందన్న సూత్రాన్ని వెల్లడించారు. అప్పట్లో ఉట్రెక్ట్ ఆచార్యుడైన మూషెన్‌బ్రూక్ 1729లో ప్రచురించిన గ్రంథంలో తులాదండం ఆధారంగా పనిచేసే లాగుడు పరీక్షాయంత్రాన్ని వర్ణించారు. థామస్ యంగ్ 1807లో స్థితిస్థాపక గుణకం భావనను ఇచ్చారు. ఇవన్నీ మీ భౌతికశాస్త్ర పాఠాల్లో ఉన్నవే. అయితే హుక్ సూత్రం సాగుదల గురించి చెబుతుంది కానీ తెగడం గురించి ఏమీ చెప్పదు. విద్యార్థులు జవాబుపత్రాల్లో ఈ రెండింటినీ కలిపేయడం తరచూ జరుగుతుంది.

సౌత్‌వార్క్‌లోని యంత్రం

19వ శతాబ్దంలో రైళ్లు, బాయిలర్లు, ఇనుప ఓడలు వచ్చాక ఈ ప్రశ్న ప్రాణాలకు సంబంధించినదైంది. ఇనుము అమ్మేవారి మాట తప్ప కొనేవారికి వేరే ఆధారం లేని కాలమది. స్కాట్లండ్‌లోని డండీలో 1820లో పుట్టిన డేవిడ్ కిర్కాల్డీ గ్లాస్గోలో రాబర్ట్ నేపియర్ ఓడల కర్మాగారంలో పనిచేస్తూ, చేత ఇనుము, ఉక్కు నమూనాలను వందల సంఖ్యలో లాగి తెంచి, ఫలితాలను 1862లో గ్రంథంగా ప్రచురించారు.

ఆయన తేల్చిన రెండు విషయాలు ముఖ్యం. మొదటిది, ఎంత బరువుకు తెగిందన్న ఒక్క అంకె లోహం మంచిచెడ్డలు చెప్పదు. తెగేచోట లోహం ఎంత సన్నబడిందో కూడా కొలవాలి. ఎక్కువ బరువు మోసి సన్నబడకుండా పుటుక్కున విరిగేదాని కంటే, కాస్త తక్కువ మోసినా బాగా సాగి సన్నబడి తెగేదే నమ్మదగినది కావచ్చు. రెండోది, విరిగిన ముఖం పీచులా కనిపిస్తే మంచి ఇనుమని, పలుకులుగా కనిపిస్తే చెడ్డదని అప్పట్లో నమ్మేవారు. ఒకే ఇనుమును నెమ్మదిగా లాగితే పీచులాగా, ఒక్క దెబ్బతో విరిస్తే పలుకులుగా కనిపిస్తుందని కిర్కాల్డీ చూపించారు.

తరువాత ఆయన సొంత ఖర్చుతో ఒక భారీ జలపీడన యంత్రాన్ని లీడ్స్‌లో చేయించి, 1866లో లండన్‌లోని సౌత్‌వార్క్‌లో పరీక్షాశాల తెరిచారు. యంత్రం దాదాపు 14 మీటర్ల పొడవు, వంద టన్నులకు పైగా బరువు. పది లక్షల పౌన్ల బలంతో లాగగలదు. 1874లో అది సౌత్‌వార్క్ వీధిలోని 99వ నంబరు భవనానికి మారింది. వాస్తవాలు కావాలి, అభిప్రాయాలు కాదు అన్న అర్థం వచ్చే మాటలు ఆ భవనం తలుపు మీద చెక్కి ఉంటాయి. ఇప్పుడది మ్యూజియం.

1879 డిసెంబర్ 28 రాత్రి పెనుగాలిలో స్కాట్లండ్‌లోని టే నది రైలు వంతెన మధ్యభాగం, దాని మీద వెళ్తున్న రైలుతో సహా నదిలో కూలింది. రైలులో ఉన్నవారెవరూ బతకలేదు. శిథిలాల నుంచి తెచ్చిన భాగాలను పరీక్షించే పని కిర్కాల్డీకి అప్పగించారు. వంతెన స్తంభాలను ఐమూలగా బిగించి ఉంచే చేత ఇనుప పట్టీలు, స్తంభాలకు ఉన్న పోత ఇనుప చెవులకు బోల్టులతో బిగించి ఉండేవి. పట్టీలు బాగానే ఉన్నాయి. చెవులే అనుకున్న బరువు కంటే చాలా తక్కువకే విరిగాయి. బోల్టు రంధ్రాలను తొలవకుండా పోతలోనే వదిలారు. అందువల్ల అవి ఒకవైపు వెడల్పుగా, మరోవైపు ఇరుకుగా వచ్చాయి. బోల్టు రంధ్రం ముఖమంతా ఆనకుండా ఒక అంచు మీదే ఆనింది. భారమంతా ఆ అంచున కేంద్రీకృతమైంది.

లెక్కల కాగితం మీద పోత ఇనుముకు ఒక తన్యతా బలం ఉంది, చెవికి ఒక వైశాల్యం ఉంది. రెండింటినీ గుణిస్తే వంతెన నిలబడాలి. అసలు వస్తువు మాత్రం తన బలహీనమైన చోట విరిగింది. ఈ మాటను గుర్తుంచుకోండి.

శరీరాన్ని లాగి చూసినవాడు

జీవ పదార్థాల వైపు చూద్దాం. పెద్ద జంతువుల ఎముకలు పొడవుతో పోల్చినప్పుడు మరింత లావుగా ఎందుకుండాలో గెలీలియోయే చర్చించారు. అయితే శరీర భాగాల తన్యతా బలాన్ని క్రమపద్ధతిలో కొలిచిన తొలివారిలో గియోమ్ వెర్ట్‌హైమ్ ఒకరు. వియన్నాలో 1815లో పుట్టి పారిస్‌లో పనిచేశారు. లోహాల మీద కృషి చేసిన తరువాత, మానవ శరీరంలోని ఎముకలు, స్నాయువులు, కండరాలు, నరాలు, ధమనులు, సిరల మీద చేసిన పరీక్షలను 1847లో ప్రచురించారు. వేర్వేరు వయసుల వారి శరీర భాగాలను పోల్చి, వయసుతో బలం ఎలా మారుతుందో కూడా చూశారు.

ఎముక విషయంలో హుక్ సూత్రం దాదాపు సరిపోయింది. మెత్తని భాగాల విషయంలో సరిపోలేదు. వాటిని మొదట కొద్ది బలంతో లాగితేనే బాగా సాగుతాయి. తరువాత ఎంత లాగితే అంత గట్టిపడతాయి. బలానికీ సాగుదలకూ మధ్య సరళరేఖకు బదులు వక్రరేఖ వచ్చింది. లోహాలకు అలవాటుపడిన శాస్త్రవేత్త దీన్ని ప్రయోగదోషంగా పక్కన పెట్టడం తేలిక. వెర్ట్‌హైమ్ పక్కన పెట్టలేదు. దానికి ఒక సమీకరణం రాశారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చే ఘట్టాల్లో ఇదొకటి.

కారణం తరువాత తెలిసింది. స్నాయువులో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు విశ్రాంతి స్థితిలో వంకీలు తిరిగి ఉంటాయి. మొదటి లాగుడు ఆ వంకీలను సరిచేయడానికే సరిపోతుంది. పోగులు నిటారైన తరువాతే అసలు లాగుడు మొదలవుతుంది. వదులుగా పేనిన తాడును లాగినా ఇలాగే జరుగుతుంది. జీవయాంత్రికశాస్త్ర నిర్మాతల్లో ఒకరైన వై. సి. ఫంగ్ 1967లో మెత్తని కణజాలాల గురించి రాసిన పత్రంలో ఈ వక్రరేఖకు ఘాతాంక రూపం ఇచ్చారు. నేటికీ ఆ రూపాన్ని వాడుతున్నారు.

ఇలాంటి పరీక్షల్లోని చిక్కు కూడా తెలుసుకోవాలి. ఉక్కు కడ్డీని యంత్రపు దవడల మధ్య బిగించవచ్చు. తడి స్నాయువు జారిపోతుంది. మరీ బిగిస్తే దవడ దగ్గరే నలిగి తెగుతుంది. ఎండిపోతే దాని గుణమే మారిపోతుంది. అందుకే ఇప్పటి ప్రయోగశాలల్లో కొసలను గడ్డకట్టించి పట్టుకునే పద్ధతి కూడా వాడతారు. జీవ పదార్థాల అంకెలు ఒక పుస్తకానికీ మరో పుస్తకానికీ తేడాగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

గాజుపోగు చెప్పిన జవాబు

ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఎ. ఎ. గ్రిఫిత్ వయసు ముప్పై నిండకముందే 1921లో ఒక పత్రం ప్రచురించారు. అణువుల మధ్య బంధాలను బట్టి లెక్కిస్తే గాజు చాలా బలమైనది కావాలి. కానీ మామూలు గాజు కడ్డీ చూపే బలం అందులో కొద్ది శాతమే. మిగతాది ఎక్కడికి పోయింది?

గ్రిఫిత్ గాజును వేడిచేసి వేర్వేరు మందాల పోగులుగా లాగి పరీక్షించారు. అంగుళంలో వెయ్యో వంతులు 40, అంటే దాదాపు 1 మిల్లీమీటరు, మందమున్న పోగు చదరపు అంగుళానికి 24,900 పౌన్ల దగ్గర తెగింది. అంటే సుమారు 170 మెగాపాస్కళ్లు. అందులో మూడు వందో వంతు మందమున్న అతి సన్నని పోగు 491,000 పౌన్ల దగ్గర తెగింది. అంటే సుమారు 3,400 మెగాపాస్కళ్లు. గాజు అదే. మారింది మందం మాత్రమే. తన్యతా బలం పదార్థానికి సంబంధించిన గుణం, పరిమాణంతో పనిలేదన్న గెలీలియో లెక్కకు ఇది పెద్ద ఎదురుదెబ్బ.

గ్రిఫిత్ వివరణ ఇది. గాజులో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. లాగినప్పుడు గాజులో స్థితిస్థాపక శక్తి నిల్వ అవుతుంది. పగులు కాస్త పెరిగితే ఆ శక్తిలో కొంత విడుదలవుతుంది. కానీ పగులు పెరగాలంటే కొత్త ఉపరితలం ఏర్పడాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. విడుదలయ్యే శక్తి ఖర్చుకు సరిపోయిన క్షణంలో పగులు తనంతట తానే పరుగెత్తుతుంది. ఈ లెక్క ప్రకారం తెగే ప్రతిబలం పగులు పొడవు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. పగులు నాలుగు రెట్లు పొడవైతే బలం సగమవుతుంది. గాజు గొట్టాల మీద, బుడ్డీల మీద కావాలని పగుళ్లు పెట్టి ఆయన దీన్ని సరిచూశారు. సన్నని పోగులో పెద్ద పగులుకు చోటే లేదు.

ఇప్పుడు మన మోకు దగ్గరకు రావచ్చు. నలభై మూరల మోకును రెండేసి మూరల ఇరవై ముక్కలుగా ఊహించుకోండి. ఉదాహరణ కోసం, ఇరవైలో చాలా ముక్కలు 95 కిలోల ప్రాంతంలో తెగుతాయని, ఒకే ఒక్క ముక్కలో నార సరిగా కలవక అది 82 కిలోలకే తెగుతుందని అనుకుందాం. మొత్తం మోకు ఎంతకు తెగుతుంది? 82కే. ఇరవై ముక్కల్లోంచి కళ్లు మూసుకుని ఒకటి తీస్తే అది ఎంతకు తెగవచ్చు? ఇరవైలో పంతొమ్మిది పాళ్లు 95 ప్రాంతంలోనే.

గెలీలియో వాదనలో లొసుగు ఇక్కడ బయటపడింది. తెగినచోటుకు అటూ ఇటూ ఉన్న పొట్టి ముక్క అదే బరువుకు తెగుతుందన్నది నిజమే. అయితే అది ఆ ఒక్క ముక్క గురించిన నిజం. ఏ పొట్టి ముక్కైనా అంతే అన్నది నిజం కాదు. ఆయన తాడు అంతటా ఒకే తీరుగా ఉంటుందని చెప్పకుండానే అనుకున్నారు. లోపాలు నిండిన ఆనాటి ఇనుప తీగల విషయంలో లియొనార్డో అనుమానమే ఎక్కువ సరైనది. ఈ అతి బలహీనమైన లంకె సూత్రాన్ని నూలు దారాల పరీక్షల కోసం ఎఫ్. టి. పియర్స్ 1926లో మాంచెస్టర్‌లోని షర్లీ సంస్థ నుంచి గణితరూపంలో ప్రకటించారు. స్వీడన్ ఇంజనీరు వైబుల్ 1939లో దాన్ని అన్ని పెళుసు పదార్థాలకూ వర్తించే గణాంక సిద్ధాంతంగా మలిచారు.

గ్రిఫిత్ పత్రాన్ని లోహాల ఇంజనీర్లు చాలాకాలం గాజుకు పరిమితమైన విషయంగా చూశారు. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, నిశ్చలమైన నీటిలో నిలిచి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ పెద్ద చప్పుడుతో నడుమున విరిగింది. తుఫాను లేదు, ఢీకొన్నదీ లేదు. వెల్డింగుతో కట్టిన యుద్ధకాలపు ఓడలు మరికొన్ని కూడా ఇలా విరగడంతో జి. ఆర్. ఇర్విన్ వంటివారు గ్రిఫిత్ ఆలోచనను లోహాలకు విస్తరించారు. ఆ విధంగా భంజన యాంత్రికశాస్త్రం ఏర్పడింది. దాని గణనపద్ధతులకు పేరొందిన వారిలో మన గుడివాడలో పుట్టిన సత్య ఎన్. అట్లూరి ఒకరు. ఆయనకు 2013లో పద్మభూషణ్ పురస్కారం లభించింది.

పత్రికల్లో కనిపించే పోలికలు

సాలెపట్టు ఉక్కుకంటే బలమైనదని మీరు చదివే ఉంటారు. ఇలాంటి వాక్యం చూసినప్పుడు ఏ ఉక్కుతో, ఏ కొలతతో అని అడగాలి. సాలీడు వేలాడే పట్టుపోగు తన్యతా బలం 1,000 మెగాపాస్కళ్ల ప్రాంతంలో ఉంటుంది. మామూలు మెత్తని ఉక్కు 400 ప్రాంతంలో, పియానో తీగ 2,000 పైన. కాబట్టి వైశాల్యం లెక్కన పియానో తీగదే పైచేయి. బరువు లెక్కన చూస్తే పట్టు ముందుంటుంది, ఎందుకంటే ఉక్కు సాంద్రత దానికి ఆరు రెట్లు. అసలు గొప్పతనం మరోచోట ఉంది. పట్టుపోగు తెగే ముందు తన పొడవులో పావు వంతు దాకా సాగి, ఎగిరివచ్చే పురుగు శక్తినంతా మింగుకుంటుంది. కిర్కాల్డీ చెప్పిన మొదటి విషయం ఇదే.

2015లో బ్రిటన్, ఇటలీ శాస్త్రవేత్తలు లింపెట్ అనే సముద్రపు నత్త పళ్ల మీద ఫలితాలు ప్రచురించారు. రాళ్లకు అంటుకున్న నాచును గీకి తినే ఈ నత్త పళ్ల తన్యతా బలం 3,000 నుంచి 6,500 మెగాపాస్కళ్ల దాకా వచ్చింది. జీవ పదార్థాల్లో అప్పటిదాకా నమోదైన వాటిలో ఇదే అత్యధికం. ఆ పంటిలో గోథైట్ అనే ఇనుప ఖనిజపు అతి సన్నని పోగులు ప్రోటీన్‌లో పొదిగి ఉంటాయి. పగులు ప్రభావం చూపగల పరిమాణం కంటే ఆ పోగుల మందం తక్కువని పరిశోధకులు వివరించారు. గ్రిఫిత్ కొలిమి దగ్గర సన్నని గాజుపోగు లాగి చేసిన పనిని నత్త నోట్లో పెరిగే ఖనిజం చేస్తోంది. అయితే ఆ నమూనాలు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలిచేంత చిన్నవి. వాటి అంకెను మీటర్ల పొడవున్న ఉక్కు తీగ అంకె పక్కన పెట్టి గెలుపోటములు ప్రకటించే ముందు, మోకు గురించి మీరు మొదట రాసిన జవాబును ఒకసారి తిరిగి చూసుకోండి.

ఇంట్లో చేయదగిన ప్రయోగం

ఒకే ఉండ నుంచి సన్నని నూలు కుట్టుదారం తీసుకోండి. అరచేయి పొడవు ముక్కలు పది, మీటరు పొడవు ముక్కలు పది కోయండి. కొసలను ముడి వేయవద్దు. ముడి దగ్గర దారం బలహీనపడుతుంది కాబట్టి పెన్సిలుకు నాలుగైదు చుట్లు చుట్టి పట్టుకోండి. చుట్లకు పోయే దారం పైన చెప్పిన పొడవుకు అదనం. కింద ఖాళీ ప్లాస్టిక్ సీసా వేలాడదీసి సన్నని ధారగా నీళ్లు పోయండి. తెగగానే ఆపి, నీటిని కొలగ్లాసుతో కొలవండి. లీటరు నీరు ఒక కిలో. సీసా బరువును కూడా కలపండి. చుట్టు దగ్గర తెగిన ముక్కలను లెక్కలోంచి తీసేయండి. రెండు పొడవులకూ సగటు కట్టండి. సగటుతో పాటు ప్రతి వరుసలోని అతి తక్కువ, అతి ఎక్కువ విలువలను కూడా రాసుకుని సంపర్క తరగతికి తీసుకురండి.